బొమ్మ అబద్ధమాడొచ్చు.. చెక్కను అడగండి!

ఓ వేలం సంస్థలో కేటలాగర్ పోస్టుకు ఇంటర్వ్యూ అనుకోండి. బల్ల మీద జానెడు చెక్క పలక పెట్టారు. దాని మీద లోపలికి చెక్కిన గుర్రపు రౌతు బొమ్మ. తల మీద మూడు మూలల టోపీ, మోకాళ్ల దాకా కోటు. మూలన 1752 అని అంకెలు. ‘ఇదేంటి? ఎప్పటిది? పది నిమిషాల్లో రాసివ్వండి’ అన్నారు. మీరు 1752 అని రాసిచ్చేశారా? అయితే ఆ ఉద్యోగం మీది కాదు!

అది బిస్కెట్ అచ్చు. మన ఇళ్లలో కజ్జికాయల చెక్క ఉంటుంది కదా, యూరప్ వంటిళ్లలో అలాంటి చోటు దీనిది. జర్మనీ నైరుతి ప్రాంతంలో, స్విట్జర్లాండ్‌లో సోంపు వాసనతో చేసే ‘స్ప్రింగర్లె’ బిస్కెట్ల కోసం పిండిని పరిచి, ఈ అచ్చును పైనుంచి నొక్కుతారు. బొమ్మ చెదరకుండా రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు కాలుస్తారు. నెదర్లాండ్స్, బెల్జియంలలో సెయింట్ నికొలస్ పండక్కి చేసే ‘స్పెకులాస్’ది వేరే పద్ధతి. పిండినే అచ్చులోకి కూరి, మిగిలింది కత్తితో కోసేసి, అచ్చును బోర్లించి తట్టి బిస్కెట్‌ను బయటికి తీస్తారు. దాల్చినచెక్క, లవంగాల ఘాటు దీని ప్రత్యేకత. జర్మనీ చదువులకు వెళ్లిన మీ సీనియర్లు డిసెంబరులో క్రిస్మస్ మార్కెట్ ఫొటోలు పెడుతుంటారు. వాటిలో ఈ అచ్చులు మీ కంటపడే ఉంటాయి. కొన్ని నిజంగా పాతవి. చాలావరకు కావు.

ఏది పాతదో చెప్పగలిగిన వాళ్లకే మ్యూజియంలలో, వేలం సంస్థల్లో పని. ‘18వ శతాబ్దపు అచ్చు’ అనడానికీ, ‘18వ శతాబ్దపు శైలిలో ఉన్న అచ్చు’ అనడానికీ మధ్య ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. మొదటిది రాసి, అది తప్పని తేలితే కొన్నవాడి డబ్బు పోతుంది, రాసినవాడి పేరు పోతుంది.

బొమ్మ చెప్పేది సగమే

అందరూ ముందు చూసేది బొమ్మనే. తప్పేం లేదు. కాకపోతే దాని నుంచి ఎంతవరకు తీసుకోవాలో తెలియాలి. అచ్చు మీద గాలి బుడగ విమానం ఉంటే అది 1783కు ముందుది కాదు. మనుషుల్ని మోసుకుని తొలి బెలూన్ ఎగిరింది ఆ ఏడాదే. జర్మన్ అచ్చు మీద రైలింజన్ ఉంటే 1835 దగ్గర గీత గీయొచ్చు. న్యూరెంబర్గ్ నుంచి ఫ్యూర్త్‌కు అక్కడి తొలి ఆవిరి రైలు నడిచింది అప్పుడే. ఈ రెండూ ‘ఇంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతాయి. ‘ఎప్పుడు’ అన్నది చెప్పవు. మూడు మూలల టోపీని 1750లో ఎలా చెక్కారో, దాన్ని చూసి 1880లోనూ అలాగే చెక్కారు, 1970లో పర్యాటకుల కోసమూ అలాగే చెక్కారు. రొట్టెల వాళ్లకు గిరాకీ ఉన్న బొమ్మ కావాలి, కొత్త ఫ్యాషన్‌తో వాళ్లకేం పని?

మరి ఆ 1752? అచ్చులో అక్షరాలు, అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. అప్పుడే బిస్కెట్ మీద సరిగ్గా పడతాయి. రౌతు కత్తి కూడా అచ్చులో ఎడమ చేతిలో ఉంటేనే బిస్కెట్‌లో కుడి చేతికొస్తుంది. బొమ్మ మధ్యలోనే అంకెలు తిన్నగా కనిపిస్తున్నాయంటే, చెక్కినవాడి దృష్టిలో అది గోడకు తగిలించే వస్తువేమోనని అనుమానించండి. అంచున గానీ, వెనక గానీ తిన్నగా ఉంటే మాత్రం అది యజమాని గుర్తో, చెక్కినవాడి సంతకమో కావచ్చు. 19వ శతాబ్దం తొలి దశకాల్లో న్యూయార్క్‌లో జాన్ కాంగర్ అనే శిల్పి మహాగనీ చెక్క మీద పెద్ద పెద్ద కేకు అచ్చులు చేశాడు. వాటిలో కొన్నింటి మీద అతని పేరుంది. అలాంటి పేరు దొరికితే సగం పని అయినట్టే. కానీ దొరకడం అరుదు. రొట్టెలు చేసేవాళ్లే తమ అచ్చులు తామే చెక్కుకున్న సందర్భాలు బోలెడు.

ఇప్పుడు వెనక్కి తిప్పండి

అసలు కథ వెనక వైపే ఉంది. నకిలీ చేసేవాడు శ్రద్ధంతా ముందు వైపే పెడతాడు మరి! వెలుతురును ఏటవాలుగా పడనిచ్చి చూడండి. చేతి చిత్రిక పట్టిన చెక్క మీద వేలు పెడితే సన్నని ఎత్తుపల్లాలు తగులుతాయి. విల్లులా వంగిన రంపపు గీతలు వరసగా కనిపిస్తే అది గుండ్రటి యంత్రపు రంపం పని. యూరప్‌లో ఆ రంపం విరివిగా వాడుకలోకొచ్చింది 19వ శతాబ్దంలోనే. ఇక్కడో తిరకాసు ఉంది. వంపు గీతలుంటే బాగా పాతది కాదని చెప్పొచ్చు. అవి లేనంత మాత్రాన పాతదని చెప్పలేం. పల్లెటూరి వడ్రంగి చేతి రంపంతోనే 1920లోనూ కోసి ఉండొచ్చు.

చెక్క ఏ జాతిదన్నదీ ముఖ్యమే. స్ప్రింగర్లె అచ్చులకు బేరి పండు చెట్టు చెక్కంటే మక్కువ. గట్టిగా, నునుపుగా ఉండి, సన్నటి గీతను కూడా పట్టి ఉంచుతుంది. అక్రోటు, బీచ్ కూడా వాడారు. ఏ చెక్కయినా ఎండేకొద్దీ నార వెంట దాదాపు తగ్గదు, నారకు అడ్డంగా మాత్రం తగ్గుతుంది. అందుకే గుండ్రంగా చేసిన పాత అచ్చు స్కేలుతో కొలిస్తే కాస్త కోలగా తేలుతుంది. అచ్చం వృత్తంలా ఉందా? ఇంకొంచెం నిదానంగా చూడండి.

పురుగు రంధ్రాలు చూడగానే ‘అబ్బో, ఎంత పాతదో’ అనేస్తారు చాలామంది. నకిలీ వ్యాపారులకు కావాల్సిందీ అదే. ఫర్నిచర్ బీటిల్ పురుగు బయటికొచ్చిన రంధ్రం గుండ్రంగా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. లోపల దారి వంకర్లు తిరుగుతుంది. సూది పెడితే తిన్నగా దిగిపోయిందా, అది డ్రిల్లు పని అనుకోవచ్చు. అంతకన్నా పట్టుకోదగ్గ ఆధారం ఇంకోటుంది. చెక్కిన బొమ్మ గుంటల్లో పురుగు సొరంగం నిలువునా చీల్చినట్టు, కాలవలా తెరుచుకుని కనిపిస్తే, పురుగు ముందు తిన్నది, ఉలి తర్వాత పడింది. అంటే పాత చెక్క మీద కొత్త బొమ్మ!

అరుగుదలను కూడా ఇలాగే నిలదీయాలి. స్పెకులాస్ అచ్చయితే పైభాగం మీద కత్తి గీతలుండాలి, తట్టిన అంచు నలిగి ఉండాలి. చేయి తగలని మూలలు కూడా అంతే అరిగి ఉంటే ఎవరో గరుకు కాగితంతో కష్టపడ్డారన్నమాట. బరువు తేడాగా ఉండి, భూతద్దంలో నార రంధ్రాలకు బదులు గాలి బుడగలు కనిపిస్తే అది పోత పోసిన రెసిన్. వంటకు ఇబ్బందేం లేదు, దాన్ని పాతదని అమ్మితేనే మోసం.

‘ఇంత తంటా ఎందుకు, ల్యాబ్‌కు పంపొచ్చుగా’ అంటారా? సైన్స్ విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి. సుమారు 1650 నుంచి 1950 మధ్య పెరిగిన చెక్కకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే ఒక్క తేదీ రాదు. మూడు వందల ఏళ్లలో ఎక్కడైనా ఉండొచ్చని చూపించే ప్రమాదముంది. ఇంత చిన్న పలకలో చెట్టు వలయాలు లెక్కపెట్టి పోల్చడానికి సరిపోవు. పైగా రెండు పరీక్షలూ చెప్పేది చెట్టు వయసే, బొమ్మ వయసు కాదు.

నేర్చుకోవాలంటే?

నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కళాచరిత్ర, కన్జర్వేషన్, మ్యూజియాలజీ పీజీలున్నాయి. బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీ మ్యూజియాలజీ విభాగం ఈ రంగంలో పాతకాపు. కెమిస్ట్రీ, బోటనీ చదివినవాళ్లకు కన్జర్వేషన్ బాగా నప్పుతుంది. చెక్క జాతులను గుర్తుపట్టే శాస్త్రం మీద ఆసక్తి ఉంటే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వైపు చూడండి. అర్హతలు, సీట్లు తాజా నోటిఫికేషన్‌లోనే సరిచూసుకోండి. ఉన్నమాట చెప్పాలంటే ఇందులో పోస్టులు తక్కువ. అయితే కన్ను తీరినవాళ్లూ తక్కువే.

చట్టం సంగతీ తెలిసుండాలి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి కళావస్తువు కనీసం వందేళ్లదైతేనే ‘యాంటిక్విటీ’. అప్పుడు దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంటే 1910 అని రాయాలా, 1940 అని రాయాలా అన్నది ధరతోనే ఆగదు.

సాధనకు జర్మనీ దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ ఫర్నిచర్ ముందు ఓ గంట నిలబడండి. ఊళ్లో ఉంటే అమ్మమ్మ గారి కజ్జికాయల చెక్క తీసుకోండి. కొలతలు, చెక్క, పనిముట్ల గుర్తులు, అరుగుదల, బొమ్మ.. ఇదే వరసలో ఒక్కో లైను రాయండి. కాలం మాత్రం చివర్లో రాయండి. ‘ఫలానా ఏడాదికి ముందు కాదు’, ‘బహుశా ఫలానా ఏడాదికి తర్వాత కాదు’ అని రెండు అంకెలు వేసి, ఒక్కోదాని పక్కన కారణం పెట్టండి. ఆ తర్వాత అమ్మమ్మను అడగండి, అది ఎప్పుడు కొన్నారో.