రాట్నం నుంచి ఫిరంగి దాకా

అమెరికాలోని 13 వలసలు బ్రిటన్‌పై తిరగబడిన రోజుల్లో అక్కడి స్త్రీలకు చట్టసభల్లో చోటు లేదు. పెళ్లయితే ఆస్తి మీద పెత్తనం కూడా భర్తదే. అయినా తుపాకులు పేలడానికి ఏళ్ల ముందే పోరాటం వాళ్ల వంటింటికి వచ్చింది. 1767లో బ్రిటిష్ పార్లమెంటు టీ, గాజు, కాగితం, రంగుల మీద సుంకాలు వేయడంతో బ్రిటిష్ సరుకుల బహిష్కరణ ఊపందుకుంది. ఇంట్లో ఏం తాగాలో, ఏం కట్టాలో చూసుకునేది ఆడవాళ్లే. వాళ్లు కలిసిరాకపోతే బహిష్కరణ నిలిచేదే కాదు. ఊరూరా గుంపులుగా కూర్చుని నూలు వడికారు. 1774 అక్టోబరులో నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో 51 మంది స్త్రీలు బహిష్కరణకు మద్దతుగా బాహాటంగా సంతకాలు చేశారు. వాళ్లను వెక్కిరిస్తూ లండన్‌లో వ్యంగ్యచిత్రం వేశారు.

యుద్ధం మొదలయ్యాక, 1780 నాటికి వలసల సైనికులకు జీతాలు సరిగా అందడం లేదు, ఒంటి మీద బట్టలూ కరవే. లండన్‌లో పుట్టి ఫిలడెల్ఫియా కోడలైన ఎస్తర్ రీడ్ కరపత్రం అచ్చు వేయించి, తోటి స్త్రీలతో ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేయించింది. 3 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. అవన్నీ విలువ పడిపోయిన కాగితపు నోట్లే. వాటిని నాణేలుగా మార్చి సైనికుడికి రెండేసి డాలర్లు నేరుగా చేతికివ్వాలని ఆమె కోరిక. డబ్బిస్తే కొందరు తాగుడుకు తగలేస్తారని సేనాని వాషింగ్టన్ భయం, చొక్కాలు కుట్టించమన్నాడు. ఉత్తరాలు నడిచాక ఆమె ఒప్పుకుంది. ఆ సెప్టెంబరులోనే 33 ఏళ్లకే కన్నుమూసింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూతురు సారా బాష్, మరికొందరు పని పూర్తి చేశారు. ఏడాది చివరికి 2,000కు పైగా చొక్కాలు సైన్యానికి చేరాయి. ప్రతి చొక్కా మీదా అది కుట్టిన స్త్రీ పేరుంది.

చందాలెత్తినవాళ్లలో చాలామంది కలిగినవాళ్లు. పేద స్త్రీలు ఏకంగా సైన్యం వెంటే నడిచారు. బట్టలుతికారు, వండారు, గాయపడ్డవాళ్లకు సేవ చేశారు. 1776 నవంబరు 16న న్యూయార్క్‌లోని ఫోర్ట్ వాషింగ్టన్ దగ్గర ఫిరంగి పేలుస్తున్న భర్త నేలకూలగానే మార్గరెట్ కార్బిన్ ఆ ఫిరంగి అందుకుంది. గాయాలతో ఆమె చేయి పనికిరాకుండా పోయింది. 1779లో వలసల ఉమ్మడి సభ అయిన కాంగ్రెస్ ఆమెకు సైనికుడి జీతంలో సగం పింఛను ఇచ్చింది. మసాచుసెట్స్‌కు చెందిన డెబొరా శాంప్సన్ 1782లో మగవేషంతో సైన్యంలో చేరి ఏడాదికి పైగా పనిచేసింది.

హక్కుల విషయంలో దక్కింది చాలా తక్కువ. న్యూజెర్సీ ఒక్కటే 1776 రాజ్యాంగంలో ఆస్తి ఉన్నవాళ్లందరికీ ఓటిచ్చింది. ఆ దారిన పెళ్లికాని స్త్రీలు, వితంతువులు కొందరు ఓటేశారు. 1807లో అక్కడి శాసనసభ దాన్ని కూడా రద్దు చేసింది.