మెంతి మొలకలు, పిల్లల కిడ్నీలు

2011 మే నెలలో ఉత్తర జర్మనీ ఆసుపత్రులు రక్త విరేచనాల రోగులతో నిండిపోయాయి. వాళ్లలో పిల్లలు తక్కువ. ఎక్కువమంది అప్పటిదాకా ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు. మొదట నింద స్పెయిన్ దోసకాయల మీద పడింది, పాపం అక్కడి రైతుల పంట కొనేవాళ్లు లేక పారబోయాల్సి వచ్చింది. చివరికి దొరికిన దొంగ మన పోపులపెట్టెలో ఉండేదే: మెంతులు. ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతుల్ని అక్కడ మొలకెత్తించి సలాడ్లలో పచ్చిగా తిన్నారని, ఆ గింజలతోనే ఈ. కోలి క్రిమిలో ఓ104:హెచ్4 అనే రకం వచ్చి ఉండాలని దర్యాప్తులో తేలింది. అంతా సద్దుమణిగేసరికి 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. దాదాపు 850 మందికి అది కిడ్నీల దాకా వెళ్లింది. 50 మందికి పైగా చనిపోయారు.

ఆ కిడ్నీ జబ్బు పేరు హీమోలిటిక్ యురెమిక్ సిండ్రోమ్, పొట్టిగా హెచ్‌యూఎస్. అమెరికాలో దీన్ని చాలాకాలం 'హాంబర్గర్ జబ్బు' అన్నారు. 1993లో జాక్ ఇన్ ద బాక్స్ హోటళ్లలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని ఏడు వందల మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు చనిపోవడంతో ఆ పేరు స్థిరపడింది. దాంతో మన శాకాహారుల ఇళ్లలో 'మనకేం భయం లేదు' అన్న ధీమా ఏర్పడింది. ఆ ధీమాకు ఆధారం లేదు. 1996లో వేడిచేయకుండా సీసాల్లో నింపిన యాపిల్ రసం, 2006లో పాలకూర, 2018లో అరిజోనా యూమా ప్రాంతపు రోమైన్ లెట్యూస్, అన్నీ ఇదే జబ్బు తెచ్చాయి. వీటిలోని క్రిమి ఓ157:హెచ్7 అనే రకం, అది ఉండేది ఆవు పేగుల్లో. ఆవుకు మాత్రం ఏమీ కాదు. పేడ కలిసిన కాలువ నీళ్లు పారిన ఆకుకూరకైనా, పెటింగ్ జూలో దూడను నిమిరి చేతులు కడుక్కోని పిల్లవాడికైనా అది అంటుకోవచ్చు. అసలైన పాలు కావాలని ఫార్మ్ నుంచి పచ్చిపాలు తెచ్చుకునేవాళ్లు అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో చాలామందే ఉన్నారు. తెచ్చిన పాలు పొంగేదాకా కాస్తే చింత లేదు.

జబ్బు నడక కొంచెం మోసకారిది. మొదట నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి. రెండు మూడు రోజుల్లో రక్తం పడుతుంది. ఆ తర్వాత విరేచనాలు తగ్గుముఖం పడతాయి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. క్రిమి వదిలిన విషం పేగు గోడ దాటి, కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. అక్కడ చిన్న చిన్న గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు ఖర్చైపోతాయి. ఆ ఇరుకులో రాసుకుంటూ వెళ్లే ఎర్ర కణాలు చిరిగిపోతాయి. రక్తం చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే ఆ ముక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లవాడు పాలిపోతాడు, మూత్రం తగ్గిపోతుంది. ఓ157:హెచ్7 రకం సోకిన పదేళ్లలోపు పిల్లల్లో సుమారు 15 శాతం మంది ఈ స్థితికి వస్తారు. వాళ్లలో దాదాపు సగం మందికి కొన్నాళ్లపాటు డయాలసిస్ పడుతుంది.

1955లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు కాన్రాడ్ గాసర్, అయిదుగురు పిల్లల కేసులు రాస్తూ ఈ జబ్బుకు పేరు పెట్టాడు. కారణం మాత్రం మరో పాతికేళ్లకు పైగా అంతుచిక్కలేదు. 1983లో టొరంటో పిల్లల ఆసుపత్రిలో మొహమ్మద్ కర్మాలీ బృందం, ఈ పిల్లల మలంలో ఒక రకం ఈ. కోలిని, దాని విషాన్ని పట్టుకుంది. ఆ విషం 1897లో జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగా కనిపెట్టిన జిగట విరేచనాల క్రిమి (షిగెల్లా) విషానికి అచ్చం తోబుట్టువు. అందుకే షిగా టాక్సిన్ అన్నారు. మన వైపు ఈ విషం ఆ పాత దారిలోనే వచ్చింది. చిత్తూరు వాళ్లకు పక్క ఊరైన వేలూరు సీఎంసీ వైద్యులు, షిగెల్లా విరేచనాల తర్వాత దక్షిణాది పిల్లలకు వచ్చిన హెచ్‌యూఎస్ గురించి 1978లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఇక చికిత్స. ఈ జబ్బు మీద డెబ్బై ఏళ్ల పరిశోధన డాక్టర్లకు ముఖ్యంగా నేర్పింది ఏమి చేయకూడదో. నా దృష్టిలో దాని గొప్పతనం కూడా అదే.

యాంటీబయాటిక్స్ సంగతే చూడండి. రక్తం పడుతోందంటే క్రిమిని చంపాలనే ఎవరికైనా అనిపిస్తుంది. 2000లో ఫిలిప్ టార్ బృందం అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో ఓ157 సోకిన 71 మంది పిల్లల లెక్క ప్రచురించింది. యాంటీబయాటిక్ వాడిన 9 మందిలో అయిదుగురికి హెచ్‌యూఎస్ వచ్చింది. వాడని 62 మందిలోనూ అయిదుగురికే వచ్చింది. చచ్చే క్రిమి తన విషమంతా ఒక్కసారిగా కక్కుతుందని, కొన్ని మందులు ఆ విషం తయారీని పెంచుతాయని వివరణ. చిన్న అధ్యయనమే, చీటీలు వేసి పిల్లల్ని రెండు జట్లు చేసిన పరీక్షా కాదు. దాని మీద వాదోపవాదాలు నడిచాయి. అయినా 'ఈ క్రిమికి యాంటీబయాటిక్ వద్దు' అన్నదే నేటికీ అమెరికాలో మాట. విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ కూడా వద్దు, అది విషాన్ని పేగులోనే ఆపేస్తుంది.

విషాన్ని కడుపులోనే పీల్చేసే మందు ఒకటి తయారుచేశారు. కాగితం మీద అద్భుతమైన ఆలోచన. 145 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితం 2003లో వచ్చింది: ఉపయోగం లేదు. జర్మనీలో 2011లో ప్లాస్మా మార్పిడి విరివిగా చేశారు. తర్వాత లెక్కలు తీస్తే, దానివల్ల మేలు జరిగిందని చూపలేకపోయారు. ఎకులిజుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ను ఫ్రాన్స్‌లో 100 మంది పిల్లల మీద పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. జబ్బు ముదిరిన రోజుల్లో కిడ్నీలకు దానితో ఒరిగిందేమీ కనిపించలేదు. ఇన్ని మందులు ఓడిపోయిన చోట కాస్త గెలిచింది సెలైన్ సీసా. ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్చి నరానికి తగినంత సెలైన్ ఎక్కించిన పిల్లలకు కిడ్నీలు తక్కువగా దెబ్బతిన్నాయని సియాటిల్, మిలాన్ వైద్యులు చూపారు. సమయానికి సెలైన్, రక్తం, అవసరమైతే డయాలసిస్: ఇవే ఈనాడు మరణాలను నూటికి అయిదు కన్నా కిందికి దించాయి.

ఇంతవరకు చెప్పింది విరేచనాలతో వచ్చే రకం. దీనికి ఒక సవతి సోదరి ఉంది, ఎటిపికల్ హెచ్‌యూఎస్. ఇందులో బయటి విషం లేదు. మన రక్తంలో క్రిముల మీద దాడిచేసే కాంప్లిమెంట్ వ్యవస్థ పగ్గాలు తెగి సొంత రక్తనాళాల మీదే పడుతుంది. ఆ పగ్గాల్లో ఒకటైన ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రొటీన్ జన్యువులో లోపముంటే జబ్బు వస్తుందని 1998లో న్యూకాజిల్ పరిశోధకులు చూపారు. విచిత్రమేమంటే, అక్కడ ఓడిన ఎకులిజుమాబే ఇక్కడ ప్రాణదాత. 2011లో అమెరికా దీన్ని ఈ జబ్బుకు అనుమతించింది. చిక్కల్లా ధరే. ఏడాదికి నాలుగు లక్షల డాలర్లు దాటే మందు అది. దీన్ని జీవితాంతం వాడాలా? ఆపి చూద్దామని ఫ్రెంచి వైద్యులు 55 మందిని గమనిస్తే, సుమారు నాలుగో వంతు మందికే తిరగబెట్టింది, వాళ్లలో ఎక్కువమంది జన్యులోపం ఉన్నవాళ్లే. మందు కంపెనీలు డబ్బు పెట్టి చేయించే రకం పరిశోధన కాదిది.

భారతదేశపు పిల్లల కథ వేరు. ఢిల్లీ ఎయిమ్స్‌లో అరవింద్ బగ్గా బృందం 781 మంది ఎటిపికల్ రోగుల్ని పరీక్షిస్తే 436 మందిలో, అంటే సగం కన్నా ఎక్కువమందిలో, ఫ్యాక్టర్ హెచ్‌కే ఎదురుతిరిగిన యాంటీబాడీలు కనిపించాయి. యూరప్ రోగుల్లో ఈ వాటా చాలా తక్కువ. యాంటీబాడీలే కారణమైతే వాటిని తీసేస్తే చాలు కదా? వెంటనే ప్లాస్మా మార్పిడి, దానితో పాటు స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అదుపుచేసే మందులు వాడి ఆ బృందం మంచి ఫలితాలు సాధించింది. లక్షల డాలర్ల మందు అందని దేశంలో, కారణాన్ని వెతికి పట్టుకుని అందుబాటులో ఉన్న వైద్యంతో నెగ్గిన పని ఇది. దీనికి మన పత్రికల్లో రావలసినంత ప్రచారం రాలేదు.

ఒక మాట మన ఇళ్ల గురించి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అమెరికా వచ్చే సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన ఒక మందుల సంచి ఉంటుంది. అందులో నార్‌ఫ్లాక్స్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు, లోపెరమైడ్ బిళ్లలు తప్పనిసరి. అక్కడ ఆ అలవాటుకు అర్థం లేకపోలేదు. షిగెల్లా ఎక్కువున్న చోట రక్త విరేచనాలకు యాంటీబయాటిక్ ఇవ్వడం సరైన వైద్యమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అదే బిళ్ల పిల్లవాడిని డయాలసిస్ మంచం ఎక్కించవచ్చు. అందుకని, రక్తం పడితే ఆ సంచి తెరవకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి మలానికి షిగా టాక్సిన్ పరీక్ష చేయమని అడగండి. ఈమధ్య ఇండియా వెళ్లొచ్చి ఉంటే అదీ చెప్పండి. విరేచనాలు తగ్గాక కూడా వారం రోజులపాటు పిల్లవాడు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తున్నాడో గమనించండి. మూత్రం తగ్గినా, ముఖం పాలిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.