బ్రహ్మపుత్ర గీసిన హద్దు

పెన్నా నది కొండలను చీల్చుకొని పారే చోట, నిట్టనిలువు శిలలపై నిలిచి ఉంది కడప జిల్లాలోని గండికోట. దుర్భేద్యమని పేరొందిన ఆ దుర్గాన్ని 1650లో గోల్కొండ సేనాధిపతి మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ప్రాంతం నుండి వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, మచిలీపట్నంలో అధికారం నెరపి, కుతుబ్‌షాహీ రాజ్యంలో అత్యున్నత పదవిని అందుకున్న వ్యక్తి ఆయన. కొండలూ లోయలూ అడ్డగించలేకపోయిన ఆ సేనానిని పన్నెండేళ్ళ తర్వాత చదునైన నేల, దానిపై నిలిచిన నీరు ఆపివేశాయి.

మొగల్ కొలువులో చేరిన మీర్ జుమ్లా 1660లో బెంగాల్ సుబేదారు అయ్యాడు. అంతకుముందు షాజహాన్ కుమారులు సింహాసనం కోసం పోరాడుతుండగా, అదను చూసి అహోం రాజులు గౌహతిని స్వాధీనం చేసుకున్నారు. దానిని తిరిగి గెలవడానికి మీర్ జుమ్లా 1661 చివర కూచ్ బిహార్‌ను జయించి, 1662 జనవరిలో అస్సాంలో ప్రవేశించాడు. బ్రహ్మపుత్రపై యుద్ధనౌకలు, ఒడ్డు వెంబడి సైన్యం కలిసి ముందుకు సాగాయి. మార్చి 17న ఆయన అహోం రాజధాని గర్‌గావ్‌లో అడుగుపెట్టాడు. రాజు జయధ్వజ్ సింహా తూర్పు కొండల వైపు తప్పుకున్నాడు. ఏనుగులు, ఫిరంగులు, ధాన్యపు కొట్లు మొగలుల చేతికి చిక్కాయి. యుద్ధం ముగిసినట్లే కనిపించింది.

అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. మొగల్ సైన్యానికి బలం మూడింటిలో ఉండేది: అశ్వదళం, ఎద్దులు లాగే భారీ ఫిరంగులు, వెనుక నుండి నిరంతరం అందే ధాన్యం. ఈ మూడింటికీ పొడి నేల కావాలి. ఉత్తర హిందూస్థాన మైదానాలలో వానలు వెనుదిరిగాక దండయాత్రకు బయలుదేరడం ఆనవాయితీ. అస్సాంలో వానలు ముందే మొదలై దీర్ఘకాలం కురుస్తాయి. పైగా గర్‌గావ్ సమీపంలోని నదిలో పెద్ద నావలు నడిచేంత లోతు లేక నౌకాదళం బ్రహ్మపుత్ర మీదే ఆగిపోయింది. సైన్యం ఒకచోట, దానిని పోషించే నావలు మరొకచోట!

మే నెలకు నదులు పొంగాయి. దారులు మునిగి, మొగల్ ఠాణాలు ఒక్కొక్కటీ ద్వీపాలయ్యాయి. గుర్రాలు బురదలో దిగబడ్డాయి. అహోం వీరులు రాత్రివేళ దాడి చేసి, తమకు తెలిసిన దారుల వెంట మాయమయ్యేవారు. సైనికులకు ముతక బియ్యం దొరికినా గోధుమలు, పప్పు, నెయ్యి, ఉప్పు కరువయ్యాయి. జ్వరాలు, అతిసారం విజృంభించి శిబిరాలను తుడిచిపెట్టాయి. రాజధానిని జయించిన వారే ఆ రాజధానిలో బందీలయ్యారు.

నీరు తగ్గాక దారులు తెరుచుకున్నాయి. 1663 జనవరిలో సంధి కుదిరింది. బంగారం, వెండి, ఏనుగులు కప్పంగా లభించాయి. అయితే అప్పటికే వ్యాధిగ్రస్తుడైన మీర్ జుమ్లా ఢాకా చేరకుండానే మార్చి చివర దారిలో కన్నుమూశాడు. 1667లో అహోంలు గౌహతిని తిరిగి తీసుకున్నారు. 1671లో ఔరంగజేబు పంపిన రాజా రామ్‌సింగ్ సేనను, కొండల మధ్య బ్రహ్మపుత్ర ఇరుకయ్యే సరాయ్‌ఘాట్ వద్ద లచిత్ బర్‌ఫుకన్ ఓడించాడు. 1682 తర్వాత మానాస్ నదే సరిహద్దుగా నిలిచిపోయింది.

నేల ఒక్కటే ఈ ఫలితాన్ని నిర్ణయించిందనలేము. ఇదే బెంగాల్ సుబా నౌకాబలంతో 1666లో చిట్టగాంగ్‌ను జయించింది. నావలు చేరగలిగిన చోట మొగల్ అధికారం నిలిచింది. ఏటా సగం కాలం ఆహారం, ఆయుధం, వార్త చేరలేని చోట నిలువలేకపోయింది. అహోంలు తమ నేలను, తమ వానను ఎరిగి పోరాడారు. ఒక ప్రాంతాన్ని గెలవడానికి ఒక్క ఋతువు చాలు. నిలుపుకోవడానికి అన్ని ఋతువులూ కావాలి.

ఈ దండయాత్రలో స్వయంగా పాల్గొన్న షిహాబుద్దీన్ తాలిష్ పారశీకంలో దాని చరిత్ర రాశాడు. ఆ గ్రంథం పేరు ‘ఫత్హియా-ఇ-ఇబ్రియా’. ఫతహ్ అంటే విజయం. ఇబ్రత్ అంటే గుణపాఠం. ఆ రెండు మాటలనూ ఆయన ఒకే పేరులో కూర్చాడు. మన పిల్లలు చరిత్ర పుస్తకంలో ఏ సామ్రాజ్యపు పటాన్ని తెరిచినా, దాని రంగు ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపమనండి. అక్కడ ఏ నది ఉంది, ఎన్ని నెలలు వాన కురుస్తుంది అని అడగండి. విజయంతో పాటు గుణపాఠమూ వారికి దొరుకుతుంది.