పయాన్ లోపల ఏముంది?

తటస్థ పయాన్ ఒక మీసాన్: క్వార్కు, ప్రతిక్వార్కు కలిసిన జంట. సెకనులో కోటి కోట్ల వంతు కాలమైనా నిలవదు, దాదాపు ఎప్పుడూ రెండు ఫోటాన్లుగా మారిపోతుంది. ఫోటాన్ల ద్రవ్యవేగాన్ని బట్టి పయాన్‌కూ రెండు ఫోటాన్లకూ మధ్య బంధం బలం ఎలా మారుతుందో చెప్పేదే ట్రాన్సిషన్ ఫామ్ ఫ్యాక్టర్. పయాన్ లోపలి అమరికకు ఇంతకన్నా తేటైన ఆనవాలు అరుదు.

దీన్ని కొలవడానికి, పయాన్ ఫోటాన్లుగా మారే క్రియను వెనక్కి నడిపిస్తారు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఎదురెదురుగా దూసుకొస్తూ చెరొక ఫోటాన్‌ను వదులుతాయి; ఆ రెండూ కలిసి పయాన్ పుడుతుంది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌లలో ఒకటి దాదాపు దారి తప్పకుండా బీమ్ గొట్టం వెంట సాగిపోతుంది. రెండోది గట్టిగా పక్కకు తిరిగి డిటెక్టరుకు చిక్కుతుంది. అది తిరిగిన కోణం, దానికి మిగిలిన శక్తి చూస్తే అది వదిలిన ఫోటాన్ ఎంత ద్రవ్యవేగం మోసుకెళ్ళిందో లెక్క తేలుతుంది.

ద్రవ్యవేగం బాగా పెరిగితే, దాని వర్గంతో ఫామ్ ఫ్యాక్టర్‌ను గుణించిన విలువ ఒక స్థిరమైన హద్దుకు చేరాలని భౌతిక శాస్త్రవేత్తలు లెపాజ్, బ్రాడ్‌స్కీ 1980లో సిద్ధాంతీకరించారు. 2009లో కాలిఫోర్నియాలోని బాబర్ ప్రయోగంలో ఆ విలువ హద్దు దాటి పెరుగుతూనే పోయింది! సిద్ధాంతకర్తలకు కంటి మీద కునుకు లేదు. 2012లో జపాన్‌లోని బెల్ ప్రయోగానికి అంత వేగమైన పెరుగుదల కనిపించలేదు. రెండు ఫలితాల మధ్య తేడా పూర్తిగా తీరలేదు.

మ్యుయాన్ అనే కణపు అయస్కాంత ధర్మాన్ని అతి సూక్ష్మంగా లెక్కించడానికీ ఈ కొలతలే కావాలి. అక్కడ తక్కువ ద్రవ్యవేగాల విలువలు ముఖ్యం. వాటిని దేశకాలాన్ని గళ్ళుగా విడగొట్టే లాటిస్ పద్ధతిలో సూపర్ కంప్యూటర్లపైనా గణిస్తున్నారు.