గరికా? గడ్డి చామంతా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కొత్త ఇళ్ల ముందు లాన్లు లేస్తున్నాయి. వాటి పక్కనే ఎవరూ నాటని ఓ చిన్న పువ్వు పూస్తోంది. వాకిట్లో ఏది ఉండాలి?

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి పోయే రోడ్డు పొంటి గల్ఫ్ పైసలతో లేచిన ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. స్టీలు గేటు, గ్రానైటు మెట్లు, పక్కన కాస్త జాగా ఉంటే లాను. ఆ ఇంటి పెద్దాయన పసుపు చేన్లో ఏళ్ల తరబడి గరికతో కొట్లాడినవాడే అయ్యుంటాడు. వేసవి దుక్కి దున్ని, పైకి తేలిన వేళ్లను ఏరి, గట్టు మీద ఎండబెట్టి కాల్చినవాడే. కొడుకు ఇప్పుడు ఆ గరికనే చాపల లెక్కన కొని తెచ్చి ఇంటి ముందు పరిపిస్తున్నాడు. నర్సరీలో దాని పేరు బెర్ముడా గ్రాస్. పెద్దాయన ఏమనుకుంటాడో గానీ పైకి అనడు, కొడుకు కష్టార్జితం మరి.

ఇందులో వింతేమీ లేదు. ప్రపంచంలోని మహా మొండి కలుపు మొక్కల మీద 1977లో శాస్త్రవేత్తలు ఒక పెద్ద పుస్తకం వేశారు. అందులో మొదటి స్థానం తుంగది, రెండోది గరికది. పొలాస వ్యవసాయ కళాశాలలో చదివే పిల్లలకు గరిక ముందు కలుపుగానే పరిచయమవుతుంది. పశువైద్య కళాశాల ఉన్న కోరుట్లలో అది మంచి మేత. వినాయక చవితి పొద్దున మూడు ఊళ్లలోనూ అది పత్రి. మొక్క ఒక్కటే, దడి ఏ పక్క మొలిచిందన్నదే తేడా.

పొలంలో దాన్ని శత్రువును చేసిన గుణాలే వాకిట్లో పనికొస్తాయి. గరికకు నేల మీద పాకే కాండమూ ఉంది, నేలలోపల సాగే కాండమూ ఉంది. ప్రతి గణుపు దగ్గరా వేరు దిగుతుంది. పార తగిలి ముక్కలైతే ముక్కకో మొక్క. పిల్లలు క్రికెట్ ఆడినా, పెళ్లికి షామియానా గుంజలు దింపినా, కుర్చీలు ఈడ్చినా వారం పది రోజుల్లో పూడిపోతుంది. తొక్కుడును ఇంతగా ఓర్చుకునే మొక్క మన ఎండల్లో మరోటి దొరకడం కష్టం. ఒక్కటి మాత్రం సహించదు, నీడను. ప్రహరీ నీడలోనో వేపచెట్టు కిందో పరిపించి, పాచిపోయిందని నర్సరీవాణ్ణి తిడితే లాభం లేదు. రోజుకు ఆరు గంటల ఎండ పడని చోట గరిక మాటే ఎత్తొద్దు.

ఇక రెండోది. చాప అతుకుల మధ్య, గేటు వార, సెప్టిక్ ట్యాంకు మూత పక్కన తనంతట తాను మొలిచే గడ్డి చామంతి. నల్లారమన్నా, పలకాకన్నా ఇదే. బలపం గీతలు చెరపడానికి దీని ఆకు పలక మీద రుద్దిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఒక్కసారి వంగి చూడండి. కాండమంతా నూగు, ఆకు గరుకు, అంచులకు రంపపు పళ్లు. జానెడు సన్నటి కాడ చివర ఒకటే పువ్వు. మధ్యన పసుపుపచ్చ బొత్తాం, చుట్టూ పాలమీగడ రంగు రేకులు ఐదారు. ఒక్కో రేకు కొసన మూడు నొక్కులు. మనం పువ్వు అనుకునేది నిజానికి పదుల కొద్దీ బుల్లి పువ్వుల గుత్తి, చేమంతిలాగే, పొద్దుతిరుగుడులాగే. వాడాక ఒక్కో గింజకూ ఈకల గొడుగు విచ్చుకుంటుంది. గాలి ఎటు వీస్తే అటు ప్రయాణం.

పల్లె మొక్క అనుకుంటాం గానీ దీని పుట్టుక మధ్య అమెరికా. లిన్నేయస్ 1753లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రమాదకరమైన కలుపుల జాబితాలో పెట్టింది. మన దగ్గర మాత్రం కొడవలి తెగితే ఈ ఆకు నలిపి రసం పిండుతారు. (లోతుగా తెగితే ఆ తర్వాతైనా టీటీ సూది వేయించుకోవాలి.) వాన వెలిసిన పొద్దున దీని చుట్టూ చేరే చిన్న నీలి సీతాకోకచిలుకలను చూడాలంటే మాత్రం పక్కనున్న పచ్చిక వైపు చూసి లాభం లేదు. కత్తిరించిన లానులో వాటికి తాగడానికి చుక్క తేనె ఉండదు.

నీళ్ల లెక్క చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఈ జిల్లాల్లో లాను పచ్చగా నిలవాలంటే రోజుకు ఐదు మిల్లీమీటర్లయినా పెట్టాలి. వంద గజాల లానంటే దాదాపు 84 చదరపు మీటర్లు, అంటే రోజుకు 420 లీటర్లు. నెలకు 12,600. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండున్నర. బోరు ఎండినప్పుడు ఈ అంకె బాగా గుర్తొస్తుంది. నిజానికి గరికకు అంత సేవ అక్కర్లేదు. నీళ్లు ఆపితే గోధుమరంగుకు తిరిగి పడుకుంటుంది, వేరు చావదు, మృగశిర వానకు మళ్లీ లేస్తుంది. ఆ రెండు నెలలు ఎండిన వాకిలి చూడలేనిది మనమే.

ఆ చూడలేకపోవడం ఎక్కడి నుంచి వచ్చింది? సిరిసిల్లవాళ్లకు నచ్చే కథ ఒకటుంది. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజనీరు పచ్చిక కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ ఊరు ఉన్ని మిల్లులకు పేరు. మగ్గం దిగిన బట్ట మీద లేచిన నూగును సమంగా గొరిగే గుండ్రటి బ్లేళ్ల యంత్రం అక్కడి మిల్లుల్లో ఉండేది. దాన్నే నేల మీద దొర్లిస్తే ఎట్లుంటుందని అతనికి తోచింది. అంతకుముందు పచ్చికను కొడవళ్లతో కోయించాలి, లేదా గొర్రెలను తోలాలి. యంత్రం వచ్చాక మామూలు ఇంటికీ లాను అందింది. మరమగ్గాన్ని సాంచె అనే సిరిసిల్లలో, 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్లలో, ఆ చూపు ఇట్టే అర్థమవుతుంది. లానును మనం మొక్కల గుంపుగా చూడం, తానులా చూస్తాం. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే నేత ఉండాలి, మధ్యలో తెల్ల పువ్వు లేస్తే పోగు తెగినట్టు లెక్క.

అయితే పోగు తెంపే ఈ పువ్వు బ్లేడుకు లొంగదు. ఇంగ్లండు లానుల్లో డైసీ చేసే పనే ఇక్కడ గడ్డి చామంతి చేస్తుంది. ఆకులు నేలకు కరుచుకొని ఉంటాయి, యంత్రం తల తీసుకుపోతుంది, కొద్ది రోజుల్లో మరో తల లేస్తుంది. చేత్తో పీకాలంటే వాన పడ్డ మర్నాడు, గింజ పట్టకముందు పీకాలి. ఎండాకాలంలో గుంజితే కాడ చేతికొస్తుంది, వేరు నేలలోనే ఉంటుంది.

నన్నడిగితే వాకిలంతా ఒకటే పరిచే పట్టుదల మానుకోమంటాను. పిల్లలు ఆడే చోట, నలుగురు కూర్చునే చోట గరిక, అదీ ముప్పై నలభై గజాలకు మించకుండా. ప్రహరీ వారా, నడిచే బాటకు ఆవలా గడ్డి చామంతిని బతకనివ్వండి. నెలకోసారి కత్తిరించుకుంటే చాలు, అడిగి నీళ్లు తాగదు. పక్కనే పొలమున్నవాళ్లు మాత్రం గింజ ఎగరకముందే కోసేయడం మర్యాద. చాపలు పరిచేది జూన్, జులైల్లో, నాలుగు వానలు పడ్డాక. అంతకుముందు ఆ జాగాలో తుంగ గడ్డలను తవ్వి తీయడం మరవద్దు. చాప కింద తుంగ మిగిలితే ఆ లానుకు ఎవరూ బాధ్యులు కారు.

లాను వద్దు, పువ్వుల తివాచీ కావాలన్నవాళ్లకు నర్సరీల్లో ఇంకోటి చూపిస్తారు. వెడీలియా. నిగనిగలాడే ఆకులు, పొద్దుతిరుగుడు పిల్లలాంటి పసుపు పూలు, నీడలోనూ అల్లుకుంటుంది. ఇదీ చేమంతి కుటుంబమే, అందానికి లోటు లేదు. కానీ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ప్రకటించిన వంద మహా దురాక్రమణ జాతుల్లో ఇదీ ఉంది. దీనికి గింజతో పని లేదు, తెగిన కాండం తడి నేల మీద పడితే చాలు. కాకతీయ కాలువ పక్క ఊళ్లలోనూ, మానేరు ఒడ్డునా దీన్ని నాటొద్దు. ఇప్పటికే ఉంటే కత్తిరించిన తీగలను కాలువలో పారేయకండి, పెంటకుప్పలోనూ వేయకండి. డాబా మీద పరిచి, గలగలమనేదాకా ఎండనిచ్చి, ఆ తర్వాతే ఎరువు గుంతలో వేయండి.