కాంటా ఎందుకు కదలదు? మళ్లీ ఎలా కదిలించాలి?

జనగామలో పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లు, మహబూబాబాద్‌లో రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు మారినవాళ్లు, భూపాలపల్లిలో గని డ్యూటీ చూసుకొని వ్యాయామం చేసేవాళ్లు కొన్ని నెలలకు అడిగేది ఒకటే: "తిండి అదే, నడక అదే. బరువెందుకు తగ్గట్లేదు?"

మొదట్లో గబగబా ఎందుకు తగ్గింది?

అప్పుడు పోయిందంతా కొవ్వు కాదు. కాలేయం, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఖర్చవుతూ, గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని వెంట తీసుకుపోయింది. పైగా 80 కిలోల మనిషి 72కు దిగితే శరీరం మోసే బరువే తగ్గింది. గంట నడకకు అప్పట్లో సుమారు 270 కేలరీలు ఖర్చయితే, ఇప్పుడు 240 చాలు.

శరీరం కూడా అడ్డుపడుతుందా?

కొంత. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గి ఆకలి పెరుగుతుంది. శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది, మనకు తెలియకుండానే కదలికలూ తగ్గుతాయి. కానీ మామూలుగా బరువు తగ్గేవారిలో ఈ ఆదా పెద్దదేం కాదు.

మరి ఎక్కడ తప్పుతోంది?

ఎక్కువసార్లు వంటింట్లోనే. 5 గ్రాముల చెంచా నూనెకు 45 కేలరీలు. డబ్బా వంచి పోసేటప్పుడు రెండు చెంచాలు ఎక్కువ పడితే, నడకలో మూడోవంతుకు పైగా పోయినట్టే. మిర్చి తొక్కులో లావు చేసేది కారం కాదు, పైన తేలే నూనె.

అన్నం ఇంకా తగ్గించాలా?

వద్దు. కడుపు మాడ్చుకుంటే కండ కరుగుతుంది. ప్రతి పూటా పప్పో, పెసర్లో, గుడ్డో, పెరుగో ఉండాలి. వారానికి రెండు రోజులు గుంజీలు తీయండి, గోడకు చేతులానించి దండాలు చేయండి. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు గది చీకటి చేసుకొని నిండా నిద్రపోవాలి. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది.

ఎన్నాళ్లు చూడాలి?

ఉప్పు, నీరు, నెలసరి వల్ల కిలో అటూఇటూ కావడం మామూలే. వారం సగటు చూడండి, నడుము చుట్టుకొలత రాసుకోండి. నాలుగు వారాలైనా రెండూ కదలకపోతే అప్పుడు తిండి లెక్క సరిచూసుకోండి. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా తిండి తగ్గించొద్దు. బాగా నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలా అని అడగండి.

ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ మెరుగవుతాయి. 80 నుంచి 72కు వచ్చినవాళ్లు ఆ పని చేసేశారు. ముందు దాన్ని నిలబెట్టుకోండి.