విప్పి కూర్చిన విమానం

పిల్లలూ! మీలో మాచర్ల, గురజాల వైపు వాళ్ళుంటే నాగార్జునకొండ చూసే ఉంటారు. లాంచీ ఎక్కి వెళ్ళి, కొండమీద పాతకాలపు ఇటుక కట్టడాల మధ్య తిరిగి ఉంటారు. కాని ఆ కట్టడాలు మొదట కొండమీద లేవు. కింద లోయలో ఉండేవి. సాగర్ ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడిన కట్టడాలలో కొన్నింటిని విప్పి, పైకి చేర్చి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు కూర్చారు.

ఇటువంటి పనే 2017లో విశాఖపట్నంలో జరిగింది. అయితే ఈసారి విప్పింది గుడినీ, స్తూపాన్నీ కాదు, ఒక పెద్ద విమానాన్ని!

దాని పేరు టీయూ-142. సోవియట్ దేశంలో తయారయింది. పొడవు 53 మీటర్లు; ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 50 మీటర్లు. మీ బడి ఆవరణలో పడుతుందో లేదో అడుగులు వేసి చూడండి. దానికి నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనక ఒకటిగా రెండు పంకాలు, ఒక్కొక్క పంకాకు నాలుగు రేకులు. మొత్తం ఎన్ని రేకులో లెక్క కట్టారా? ముప్ఫైరెండు! తమాషా ఏమిటంటే, ముందు పంకా ఒక వైపు తిరిగితే వెనక పంకా రెండో వైపు తిరుగుతుంది. ముందుది గాలిని సుడి తిప్పి వెనక్కు నెడుతుంది. వెనకది ఆ సుడిని సరిచేసి, వృథా అయ్యే బలాన్ని కూడా పనిలో పెడుతుంది.

ఇది 1988లో మన నౌకాదళంలో చేరింది. సముద్రంమీద వేల కిలోమీటర్లు ఎగురుతూ, నీళ్ళ కింద దాగిన జలాంతర్గాములను వెతకడం దీని పని. 2017 మార్చిలో అరక్కోణంలో దీనికి పదవీ విరమణ ఇచ్చారు. ఏప్రిల్‌లో ఆఖరిసారిగా ఎగిరి విశాఖకు వచ్చింది.

అక్కడ వచ్చింది చిక్కు. విమానం దిగింది విమానాశ్రయంలో. మ్యూజియం పెట్టేది సముద్రపు ఒడ్డున, బీచ్ రోడ్డులో. 50 మీటర్ల రెక్కలు ఏ వీధిలో పడతాయి? అందుకని విప్పారు. ముక్కలుగా రోడ్డుమీద తరలించి, ఒడ్డున మళ్ళీ బిగించారు. ఇటువంటి పనిలో విప్పేటప్పుడు తొందరపడితే కూర్చేటప్పుడు ఏడవాలి. ఏ మేకు ఎక్కడిదో, ఏ తీగ దేనికి కలిసేదో గుర్తు పెట్టుకోకపోతే చివరికి చేతిలో నాలుగు మరలు మిగిలిపోతాయి. గడియారం విప్పి నాన్నగారిచేత చీవాట్లు తిన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు.

ఈ విమానం వంశవృక్షంలో కూడా ఒక విప్పుడు కథ ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికావారికి బీ-29 అనే పెద్ద బాంబరు ఉండేది. 1944లో వాటి దళం ఒకటి మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కల మకాం పెట్టింది. అవును, మన రైల్వే తెలుగువాళ్ళు ఎందరో స్థిరపడిన ఆ ఖరగ్‌పూరే! ఆ ఏడు జపానువారిమీద దాడులకు వెళ్ళిన ఈ దళం విమానాలలో మూడు తిరిగి రాలేక సోవియట్ నేలమీద దిగాయి. సోవియట్లు వాటిని తిరిగి ఇవ్వలేదు. ఒకదాన్ని పూర్తిగా విప్పి, ముక్క ముక్క కొలిచి, అచ్చు అటువంటిదే టీయూ-4 అని తయారుచేసి 1947లో ఎగరేశారు. అమెరికా కొలతలు అంగుళాలలో, సోవియట్ రేకులు మిల్లీమీటర్లలో! ఆ తేడాతో నానా తంటాలు పడ్డారు. ఆ టీయూ-4 వంశంలోనే టీయూ-95 బాంబరు పుట్టింది. దానినుంచి మన టీయూ-142. బీ-29 ఒళ్ళు లావు 2.9 మీటర్లు, టీయూ-95 లావూ అంతే.

మరి ఆ బీ-29లు ఏమయ్యాయంటారా? దాదాపు 4,000 తయారయితే చాలావాటిని కరిగించేశారు. ఈనాడు ఎగరగలిగినవి రెండే. వాటిలో ‘డాక్’ అనేది అమెరికా ఎడారిలో ఎన్నో ఏళ్ళు అనాథగా పడివుంది. 2000లో దాన్ని విచిటా ఊరికి చేర్చి బాగుచెయ్యసాగారు. 2016 జులైలో తిరిగి ఎగిరింది. పదహారేళ్ళ చాకిరీ! ఎడారిలో తేమ ఉండదు గనక లోహం అంతకాలం నిలిచింది.

విశాఖ విమానానికి ఆ అదృష్టం లేదు. ఎదురుగా సముద్రం! మన ఇళ్ళలో ఊరగాయను సత్తు గిన్నెలో నిలవ ఉంచనివ్వరు, చూశారా? ఉప్పూ పులుపూ కలిసి సత్తును తినేస్తాయి. సత్తు అంటే అల్యూమినియమే. విమానం ఒళ్ళంతా ముఖ్యంగా అదే. ఉప్పుగాలి తేమ దానిమీద పేరుకుంటే గుంటలు పడతాయి. అల్యూమినియమూ ఉక్కు మేకూ తగిలిన చోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి, ముందు అల్యూమినియమే అరిగిపోతుంది. అందుచేత ఒడ్డున నిలిపిన విమానాన్ని కడగడం, రంగు వెయ్యడం ఎన్నటికీ తెమలని పని. ఒకసారి కూర్చి వదిలేస్తే చాలదు.

విశాఖ వెళితే రంగు ఊడిన చోట తెల్లటి పొడి కనిపిస్తుందేమో చూడండి. అది అల్యూమినియం తుప్పు. విమానం లోపలికి వెళ్ళి కూడా చూడవచ్చు. దిగి వచ్చాక రోడ్డు దాటండి. ఇసుకలో ఐఎన్ఎస్ కుర్సుర అనే జలాంతర్గామి ఉంటుంది. 2002 నుంచి అదీ మ్యూజియమే. జలాంతర్గాములను వేటాడే విమానమూ, జలాంతర్గామీ రోడ్డుకు చెరో పక్కన ఒకే ఉప్పుగాలి పీలుస్తున్నాయి.